అంబాసిడర్ వెనుక ఇరుసు రేషియో మారిస్తే పికప్ నిజంగా పెరుగుతుందా?

గుత్తికోట, అనంతపురం
నా దగ్గర 1998 అంబాసిడర్ ఉంది. ఇసుజు 1800 పెట్రోలు ఇంజిను, అయిదు గేర్లు. నాన్నగారు కొన్న బండి. అమ్మేయమని సలహా ఇవ్వాలనుకున్నవారు దయచేసి ఇక్కడే ఆగిపోండి. రెండేళ్ల కిందట ఇంజిను పని మొత్తం చేయించాను. పొగ లేదు, మోత లేదు. బాధ ఒక్కటే, బండి లాగదు. తాడిపత్రి రోడ్డు మీద నాపరాళ్ల లారీని దాటాలంటే నాలుగో గేరులో 50 నుంచి 80కి చేరేలోపు లారీ వెనుక రాసిన పద్యమంతా కంఠస్థం అవుతోంది. మూడో గేరు వేస్తే ఇంజిను అరుస్తుంది తప్ప ముందుకు దూకదు.

వెనుక ఇరుసులో క్రౌన్ పినియన్ మారిస్తే ఇదే ఇంజిను కొత్తదానిలా లాగుతుందని మా మేస్త్రీ అంటున్నాడు. నిజమేనా? మైలేజీ ఎంత పోతుంది? చేయించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

బురుజునీడ, కర్నూలు
ఇతను నా బావమరిది. ఆ బండిలో పెళ్లికొడుకుగా ఊరేగినవాణ్ణి కాబట్టి సాక్ష్యం చెప్పే హక్కు నాకుంది. బండి బాగానే ఉంది, తొందర ఇతనికే ఎక్కువ. ఇరుసు మార్చే డబ్బుతో రెండేళ్లు పెట్రోలు పోయించుకోవచ్చు. మారిస్తే మైలేజీ పడిపోవడం ఖాయం, అయిదు వందలు పందెం.

గుత్తికోట, అనంతపురం
పందెం ఒప్పుకున్నాను బావగారూ. తెలిసినవాళ్లు మాట్లాడేదాకా మీరు కాస్త కాఫీ తాగండి.

పాత లెక్చరర్, కర్నూలు
పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ చెప్పి రిటైరయ్యాను. ముందు ఒక పేరు సరిచేయకపోతే నాకు నిద్ర పట్టదు. అందరూ డిఫరెన్షియల్ రేషియో అంటారు కానీ ఆ నిష్పత్తి డిఫరెన్షియల్‌ది కాదు. మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ తిరగాలి కదా, దానికి వీలు కల్పించడమే డిఫరెన్షియల్ పని. 1827లో ఫ్రాన్సులో ఒనెసిఫోర్ పెకర్ ఆవిరి బండి కోసం కనిపెట్టిన ఏర్పాటు అది. మీ మేస్త్రీ మార్చమంటున్నది దాని చుట్టూ బిగించిన పెద్ద క్రౌన్ చక్రాన్నీ, దాన్ని తిప్పే చిన్న పినియన్‌నూ. క్రౌన్ పళ్లను పినియన్ పళ్లతో భాగిస్తే వచ్చేదే మనం మాట్లాడుతున్న అంకె.

ఇక అసలు విషయం. సైకిలుకు వెనుక పెద్ద ఫ్రీవీల్ వేస్తే గట్టు ఎక్కడం తేలికవుతుంది, కానీ కాళ్లు గబగబా ఆడించాలి. ఇక్కడా అంతే. అంకె పది శాతం పెరిగితే ప్రతి గేరులోనూ చక్రం దగ్గర లాగే బలం పది శాతం పెరుగుతుంది, అదే వేగానికి ఇంజిను పది శాతం ఎక్కువ తిరుగుతుంది. ఇంజిను శక్తి మాత్రం ఒక హార్స్ పవర్‌లో పదో వంతు కూడా పెరగదు. ఉన్న శక్తిని కింది వేగాల్లో ఎక్కువగా వాడుకుంటారు, అంతే.

ఇంకో మెలిక ఉంది. నిలబడిన చోటు నుంచి బయలుదేరినప్పుడు పది శాతం లాభం పూర్తిగా దక్కదు. ప్రతి గేరూ పది శాతం ముందుగానే అయిపోతుంది, 60 చేరేలోపు ఒక గేరు అదనంగా మార్చాల్సి రావచ్చు. క్లచ్చు తొక్కినంతసేపూ బండిని లాగేవారు ఎవరూ లేరు. అసలు లాభం కనిపించేది మీరు చెప్పిన చోటే, ఒకే గేరులో 50 నుంచి 80కి వెళ్లేటప్పుడు.

షెడ్డుమనిషి, కడప
మాస్టారు చెప్పింది సరే. కానీ లాగడం లేదనగానే ఇరుసు విప్పడం, తలనొప్పికి తల తీసి చూడటం లాంటిది. గుత్తికోట గారూ, ముందు ఇవి చూడండి. ఇంజిను ఆపి, ఒకరు పెడల్ అడుగుదాకా తొక్కి పట్టుకోండి, ఇంకొకరు బోనెట్ ఎత్తి కార్బురేటర్ తలుపు పూర్తిగా తెరుచుకుంటోందో లేదో చూడండి. కేబుల్ సాగి ముప్పావు వంతే తెరుచుకునే బండ్లు నా దగ్గరకు నెలకొకటైనా వస్తాయి. తర్వాత చదును రోడ్డు మీద న్యూట్రల్‌లో వదిలి చూడండి, బ్రేకులు పట్టేసి ఉంటే బండి చప్పున ఆగుతుంది. నాలుగో గేరులో ఎత్తు ఎక్కుతూ పెడల్ తొక్కితే ఇంజిను వేగం ఒక్కసారిగా పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్చు ప్లేటు అయిపోయినట్టు.

ఇవన్నీ బాగుంటేనే ఇరుసు జోలికి వెళ్లండి. అప్పుడు కూడా ఇప్పుడున్న రేషియో ఎంతో తెలియకుండా కొత్తది కొనవద్దు. పాతికేళ్ల బండి, మధ్యలో ఎవరు ఏ ఇరుసు వేశారో దేవుడికే తెలుసు.

ఘాటుజీపు, కడప
నాది తిరగబడిన కథ. అందరూ అంకె పెంచుతారు, నేను తగ్గించాను. పాత డీజిల్ జీపు, నాలుగు చక్రాలూ లాగేది. అందులో 43కు 8 పళ్లు, అంటే 5.375. హైవే మీద 60 దాటితే గుండె అదిరేంత మోత. కాస్త ప్రశాంతంగా వెళ్దామని 39కి 8 జత దొరికితే వేయించాను, 4.875. తొమ్మిది శాతం తేడా. చదును మీద హాయిగానే ఉంది.

అప్పుడు ఇద్దరు కూలీలతో, ఆరు బస్తాల ఎరువుతో రాయచోటి బయలుదేరాను. గువ్వలచెరువు ఘాటులో ఎప్పుడూ మూడో గేరులో ఎక్కే మలుపు దగ్గర బండి వణికి రెండుకు దిగింది. పై దాకా రెండే. నా వెనుక ఉన్న లారీ డ్రైవరు హారను కొట్టలేదు, జాలిపడ్డాడేమో. పైకెక్కాక కోవా కొనడానికి ఆగితే రేడియేటరు నుంచి ఆవిరి. నాలుగు నెలలు ఓర్చుకుని పాత జతే మళ్లీ వేయించాను.

ఇందులో ఇంకో తెలివితక్కువ పని కూడా ఉంది. మొదటిసారి మార్చిన షెడ్డువాళ్లు వెనుక ఇరుసు ఒక్కటే మార్చారు, ముందుది పాతదే. నాకూ తోచలేదు. పెన్నా ఇసుకలో నాలుగు చక్రాల లివరు వేశాను, ఏదో ఈడ్చుకుంటూ దాటింది. గట్టెక్కి తారు మీదికి రాగానే బండి కాళ్లు కట్టేసిన ఎద్దులా బిగుసుకుపోయింది. లివరు వెనక్కి రాలేదు. రివర్సులో రెండడుగులు వేస్తే టప్పుమని శబ్దం వచ్చి వదిలింది. ముందు చక్రాలు ఒక లెక్కన, వెనుకవి ఇంకో లెక్కన తిరగాలని పోట్లాడుకుంటే మధ్యలో నలిగేది రెండు ఇరుసులకూ బలం పంచే ట్రాన్స్‌ఫర్ గేర్ బాక్సు. నాలుగు చక్రాల బండి ఉన్నవాళ్లు రెండు ఇరుసులూ మార్చాలి, లేదా రెండూ వదిలేయాలి.

పాత లెక్చరర్, కర్నూలు
జీపుల్లో ఈ రెండు జతలకూ పాత చరిత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలపు అమెరికా సైన్యం జీపు విల్లీస్ ఎంబీలో ఉన్నది 4.88. యుద్ధం అయ్యాక పొలం పనుల కోసమని పౌరులకు అమ్మిన జీపులకు 5.38 ఇచ్చారు. ఎరువు బస్తాలకు ఏది కావాలో వాళ్లకు ముందే తెలుసన్నమాట.

గుత్తికోట, అనంతపురం
షెడ్డుమనిషి గారు చెప్పినవి చూశాను. కార్బురేటర్ పూర్తిగా తెరుచుకుంటోంది, బ్రేకులు పట్టడం లేదు, క్లచ్చు మొన్ననే వేసింది.

రేషియో కూడా కొలిచాను. వెనుక ఎడమ చక్రాన్ని జాకీ మీద లేపాను, గేరు న్యూట్రల్. గేర్ బాక్సు నుంచి వెనుక ఇరుసుకు వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు ఫ్లాంజి మీద సుద్దగీత గీశాను. నేను చక్రం పది చుట్లు తిప్పాను, మా అబ్బాయి బండి కింద పడుకుని షాఫ్టు చుట్లు లెక్కపెట్టాడు. పందొమ్మిదిన్నర. అంటే 1.95. ఇంత తక్కువ ఉంటే ఎలా లాగుతుంది? రోగం దొరికింది!

బురుజునీడ, కర్నూలు
1.95 అంటే అది అంబాసిడర్ కాదు, విమానం.

షెడ్డుమనిషి, కడప
రేషియో సంగతి మాస్టారు చెబుతారు. నేను ఒక్క మాట అడుగుతాను. ఉత్త జాకీ మీద బండి నిలబెట్టి పిల్లవాణ్ణి కిందికి పంపారా? హాండ్ బ్రేకు పట్టేది వెనుక చక్రాలనే, దాన్ని వదిలితే గానీ మీ లెక్క సాగదు. అంటే ఆ బండిని ఆపినది ఏమీ లేదు. ఇరుసు కింద స్టాండు వేయాలి, ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టాలి. ఇంతకీ ఎవరూ కింద పడుకోనక్కర్లేదు, పక్కన కూర్చుని తొంగి చూస్తే షాఫ్టు కనిపిస్తుంది. నేను జాకీ జారిన బండిని చూశాను. ఇంకేమీ చెప్పను.

పాత లెక్చరర్, కర్నూలు
షెడ్డుమనిషి మాట మొదట వినండి, తర్వాత నా లెక్క.

నేను డిఫరెన్షియల్ వేరు, రేషియో వేరు అని చాదస్తంగా మొదలుపెట్టింది ఇందుకే. మీరు ఒక చక్రాన్ని లేపారు, రెండోది నేల మీద కదలకుండా ఉంది. అలాంటప్పుడు మీరు చక్రాన్ని ఒక చుట్టు తిప్పితే క్రౌన్ అర చుట్టే తిరుగుతుంది, మిగతా సగాన్ని డిఫరెన్షియల్ మింగేస్తుంది. కాబట్టి మీ పది చుట్లు నిజానికి అయిదు. పందొమ్మిదిన్నరను అయిదుతో భాగించండి, 3.9. రెండు చక్రాలూ లేపి ఒకదాన్ని తిప్పితే ఇంకా గందరగోళం, రెండోది వెనక్కి తిరగడం మొదలుపెడుతుంది, లెక్క చేతికి చిక్కదు.

3.9 చుట్టూ ఈ రకం ఇరుసులో నాకు తెలిసిన జత 43కు 11, అంటే 3.909. సరిచూసుకోవడానికి సులువైన దారి ఉంది. ఈసారి చక్రాన్ని సరిగ్గా 22 చుట్లు తిప్పండి. షాఫ్టు 43 చుట్లు తిరిగి సుద్దగీత బయలుదేరిన చోటికే రావాలి.

గుత్తికోట, అనంతపురం
స్టాండు అద్దెకు తెచ్చాను, రాళ్లు పెట్టాను, అబ్బాయిని అరుగు మీద కూర్చోబెట్టాను. 22 చుట్లు తిప్పాను. మాస్టారూ, చివరి చుట్టు నెమ్మదిగా తిప్పుతుంటే గీత అడుగు నుంచి పైకి వచ్చి, నేను హౌసింగ్ మీద గీసిన గీతకు ఎదురుగా ఆగింది. వెంట్రుకవాసి తేడా లేదు. నలభై మూడు. మా అబ్బాయి చప్పట్లు కొట్టాడు. పరీక్షల్లో కూడా ఇంత ఆనందం చూడలేదు వాడి మొహంలో.

వాడికి ఒక సందేహం. 43కు 11 అని ఇలాంటి వంకర అంకెలు ఎందుకు, 44కు 11 పెడితే చక్కగా నాలుగు వస్తుంది కదా అంటున్నాడు.

పాత లెక్చరర్, కర్నూలు
చక్కగా రాకూడదనే అలా పెట్టారు. 44కు 11 అయితే పినియన్ మీద ఉన్న ఒక్కో పన్నూ బతికినంతకాలం క్రౌన్ మీది అవే నాలుగు పళ్లను కొరుకుతూ ఉంటుంది. ఒక పంటిలో లోపం ఉంటే ఆ నాలుగూ పాడవుతాయి, ప్రతి చుట్టుకూ అక్కడే శబ్దం. 43, 11లకు ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకం లేదు కాబట్టి ప్రతి పన్నూ ప్రతి పంటినీ పలకరిస్తుంది. అరుగుదల అందరికీ సమానంగా పంచబడుతుంది. మీ వాణ్ణి తీసుకురండి, వాడికి నేను టీ తాగిస్తాను.

ఇప్పుడు చక్రం. రేషియో సగం కథే, మిగతా సగం టైరు. టైరు మీద సుద్దగీత పెట్టి, చదును నేల మీద బండిని పది చుట్లు నెట్టి, టేపుతో కొలిచి చెప్పండి.

గుత్తికోట, అనంతపురం
21 మీటర్ల 20 సెంటీమీటర్లు. అంటే చుట్టుకు 2.12. ఒకటి ఒప్పుకోవాలి. ఇంజిను పని చేయించినప్పుడే చూడటానికి బాగుంటాయని కాస్త ఎత్తు టైర్లు వేయించాను. పాత స్టెప్నీ డిక్కీలో ఉంటే దాన్నీ కొలిచాను, దానిది 2 మీటర్లు.

షెడ్డుమనిషి, కడప
దొంగ ఇంట్లోనే ఉన్నాడు.

పాత లెక్చరర్, కర్నూలు
ఎత్తు టైరు అంటే రేషియో తగ్గించినట్టే. ఆరు శాతం పెద్ద చుట్టు కాబట్టి మీ 3.909 రోడ్డు దగ్గర 3.69లా పని చేస్తోంది. పని చేయించిన ఇంజిను లాగడం లేదని మీకు అనిపించినదంతా భ్రమ కాదు, దానికి తెలియకుండా మీరే బరువు కట్టారు. ముందు పాత కొలత టైర్లు వేసి నెల రోజులు తిప్పండి. ఆ తర్వాత కూడా చాలకపోతే 43కు 10, అంటే 4.3 వెతకండి.

రెండు మీటర్ల చుట్టుతో, నాలుగో గేరులో ఇంజిను ఎన్ని చుట్లు తిరిగితే షాఫ్టూ అన్నే తిరుగుతుంది కాబట్టి, 80 వేగంలో ఇంజిను ఇప్పటి జతతో 2600 చుట్లు తిరుగుతుంది, 4.3తో 2870. అదే 100లో 3260, 3580. ఇంకా ముందుకు వెళ్లి 41కి 9, అంటే 4.556 వేస్తే 80లోనే 3040, 100లో 3800. అయిదో గేరు కాస్త శాంతింపజేస్తుంది కానీ మే నెలలో అనంతపురం ఎండ తెలుసు కదా, నేనైతే 4.3 దగ్గర ఆగుతాను.

గుత్తికోట, అనంతపురం (అయిదు వారాల తర్వాత)
టైర్లు మార్చాను. నాలుగో గేరులో 40 నుంచి 80కి ఇంతకుముందు 17 సెకన్లు పట్టేది, ఇప్పుడు 15.7. స్పీడోమీటరు, ఫోనులోని జీపీఎస్ ఇప్పుడు 60 దగ్గర సరిగ్గా కలుస్తున్నాయి, మునుపు మీటరు తక్కువ చూపేది. నయమే. కానీ ఆశ చావలేదు.

4.3 కోసం కర్నూలు, అనంతపురం, కడప పాత సామాన్ల కొట్లన్నీ తిరిగాను. దొరకలేదు. 41కి 9 జత మాత్రం డిఫరెన్షియల్‌తో సహా పూర్తిగా ఒకటి దొరికింది, తొమ్మిది వేలు. పళ్లు చూస్తే నున్నగా ఉన్నాయి. తీసుకోవచ్చా? క్రౌన్ ఒక్కటి అమ్ముతానని ఇంకొకరు అంటున్నారు, అది చవక.

షెడ్డుమనిషి, కడప
క్రౌన్ ఒక్కటి ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. క్రౌన్, పినియన్ ఫ్యాక్టరీలోనే ఒకదానితో ఒకటి నూరి జత కలిపినవి. చాలా వాటిలో రెండింటి మీదా ఒకే నెంబరు కొట్టి ఉంటుంది, నూనె తుడిచి చూడండి. నెంబర్లు కలవకపోతే వదిలేయండి. కలిస్తే పూర్తి సెట్టు మంచి బేరం. మీ ఇరుసులో రెండు వైపులా షాఫ్టులు లాగేస్తే మధ్య గుండు ముందు వైపు నుంచి మొత్తంగా ఊడి వస్తుంది, టేబుల్ మీద పెట్టి తీరిగ్గా అమర్చుకోవచ్చు.

పాత బేరింగులు, పాత పినియన్ సీలు వద్దు, కొత్తవి వేయండి. నూనె జీఎల్-5 రకం, 90 నెంబరు. పినియన్ క్రౌన్ మధ్యగీత కంటే కిందుగా కూర్చునే ఈ రకం పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ నలుగుతాయి, మామూలు నూనె పొర తెగిపోతుంది. అదే నూనె గేర్ బాక్సులో మాత్రం పోయకండి, పాత గేర్ బాక్సుల్లో ఇత్తడి రింగులను తినేస్తుంది.

గుత్తికోట, అనంతపురం (మూడు వారాల తర్వాత)
వేయించాను, కానీ ఏడుపు మొదలైంది. నాది కాదు, బండిది. 65 దగ్గర పెడల్ వదిలితే వెనుక సీటు కింద నుంచి సన్నగా కూ అని వస్తోంది. పెడల్ తొక్కితే ఆగిపోతుంది. వేసిన షెడ్డువాళ్లు అలవాటైపోతుంది అంటున్నారు.

షెడ్డుమనిషి, కడప
అలవాటయ్యేది మీ చెవులకు, పళ్లకు కాదు. బండి లాగేటప్పుడు పంటికి ఒక ముఖం ఒత్తుతుంది, వదిలినప్పుడు రెండో ముఖం. మీకు వదిలినప్పుడే వస్తోంది కాబట్టి ఆ ముఖం మీద ఒత్తిడి సరైన చోట పడటం లేదు. రంగు పూసి చూశారా అని అడగండి. చూడలేదంటే విప్పించండి.

గుత్తికోట, అనంతపురం
చూడలేదట. ఎందుకు చూడాలని వాళ్లే నన్ను ఎదురు అడిగారు. బండిని కడపకు తెచ్చి షెడ్డుమనిషి గారి ముందే పెట్టాను. రోజంతా పక్కనే కూర్చున్నాను, కాబట్టి చూసింది చెబుతాను.

క్రౌన్ పళ్లు అయిదారింటికి పసుపురంగు పేస్టు పలుచగా పూశారు. ఒక చేత్తో క్రౌన్‌ను ఆపుతూ ఇంకో చేత్తో పినియన్ తిప్పారు. పంటి మీద రంగు చెదిరి అసలు ఇనుము మెరిసిన చోట మరక పడింది. ఆ మరక పంటి నడుమ ఉండాలి. మాది పంటి అడుగున, మూలకు జరిగి, సన్నని చంద్రవంకలా ఉంది. పినియన్ మరీ లోపలికి వెళ్లిందన్నారు. మళ్లీ విప్పి, పినియన్ వెనుక ఉన్న షిమ్, అంటే ఎడం సరిచేసే సన్నని రింగు, తీసి ఇంకా పలుచటిది వేశారు. మైక్రోమీటరుతో కొలిచి చూపించారు, తేడా మిల్లీమీటరులో పదో వంతు కూడా లేదు. మళ్లీ రంగు. ఈసారి మరక నడుమకు వచ్చింది. తర్వాత డయల్ గేజి పెట్టి పళ్ల మధ్య ఆట చూశారు, 0.15 మిల్లీమీటర్లు. ఇలా నాలుగుసార్లు విప్పి బిగించాక గానీ ఆయన టీ తాగలేదు.

బేరింగులు, సీళ్లు, నూనె అయిదు వేలు. కూలి రెండు చోట్లా ఇచ్చాను, దాని గురించి అడగకండి.

షెడ్డుమనిషి, కడప
నా గొప్ప కాదు, పళ్లు మంచివి కాబట్టి దారికి వచ్చాయి. మొదటి ఇరవై కిలోమీటర్లు నెమ్మదిగా వెళ్లి, ఆపి, ఇరుసు చల్లారాక బయలుదేరమన్నాను, చేశారా? 800 కిలోమీటర్ల దాకా బరువు వద్దు, ఆ తర్వాత నూనె మార్చండి. పాత నూనెను తెల్లని గిన్నెలోకి దింపి చూడండి. సన్నని పొడి ఉంటే ఫరవాలేదు, గోరంత ముక్క కనిపించినా నాకు ఫోను చేయండి.

గుత్తికోట, అనంతపురం (రెండు నెలల తర్వాత)
నూనె మార్చాను, వెండి పొడి తప్ప ఏమీ లేదు. ఇప్పుడు ఫలితాలు. అన్నీ జీపీఎస్ కొలతలే. నాలుగో గేరులో 40 నుంచి 80కి 12.9 సెకన్లు. మొదట 17 ఉండేది కదా! తాడిపత్రి రోడ్డు మీద లారీని దాటి, సర్దుకుని, అద్దంలో దాన్ని చూస్తూ నవ్వుకునే తీరిక కూడా దొరుకుతోంది. గువ్వలచెరువు ఘాటు మూడో గేరులో ఎక్కింది, దిగేటప్పుడు పెడల్ వదిలితే ఇంజినే గట్టిగా పట్టుకుంటోంది, బ్రేకుల మీద భారం తగ్గింది.

నష్టాలు కూడా చెప్పాలి. మొదటి గేరు దాదాపు దండగ. బండి కదిలిందో లేదో రెండోది అడుగుతుంది, చదును మీద ఇప్పుడు రెండులోనే బయలుదేరుతున్నాను. 100 మీద వెళ్తే పక్కనున్నవారితో గొంతు పెంచి మాట్లాడాలి. మాస్టారు 4.3 దగ్గర ఆగమన్నది అందుకేనని తెలిసింది.

కానీ అసలు వార్త ఇది. మునుపు లీటరుకు 11 వచ్చేది. ట్యాంకు నిండా పోయించి మూడుసార్లు లెక్క చూశాను, ఇప్పుడు 12.5! బావగారు నిన్న అయిదు వందలు పంపించారు.

బురుజునీడ, కర్నూలు
ఓడిపోయినందుకు బాధ లేదు కానీ నమ్మకం కుదరడం లేదు. ఇంజిను ఎక్కువ తిరుగుతూ పెట్రోలు తక్కువ తాగుతుందా? మాస్టారూ, మీరే తీర్పు చెప్పాలి.

పాత లెక్చరర్, కర్నూలు
గుత్తికోట గారూ, కిలోమీటర్లు దేనిలో చూశారు?

గుత్తికోట, అనంతపురం
బండి మీటరులోనే మాస్టారూ. ఇంకెక్కడ చూస్తాం?

పాత లెక్చరర్, కర్నూలు
ఆ మీటరు కేబుల్ తిరిగేది గేర్ బాక్సు వెనుక భాగం నుంచి. చక్రం ఎంత తిరిగిందో దానికి తెలియదు, షాఫ్టు ఎంత తిరిగిందో మాత్రమే తెలుసు. ఇప్పుడు అదే దూరానికి షాఫ్టు పదహారున్నర శాతం ఎక్కువ తిరుగుతోంది. మీటరు 80 చూపితే మీరు వెళ్తున్నది 69. సెకన్లను జీపీఎస్‌తో కొలిచారు, కిలోమీటర్లను మీటరుతో కొలిచారు.

మీ 12.5ను 1.166తో భాగించండి, 10.7. ఇంకా ఉంది. 11 వచ్చిందన్నది ఎత్తు టైర్ల కాలంలో, అప్పుడు మీటరు ఆరు శాతం తక్కువ చూపేది, అంటే నిజానికి అది 11.6 పైమాటే. మొత్తం మీద లీటరుకు దాదాపు ఒక కిలోమీటరు పోయింది. మీరు పొందినదానికి అది అన్యాయమైన ధరేమీ కాదు. పందెం మాత్రం బావగారిదే.

బురుజునీడ, కర్నూలు
మాస్టారికి పాదాభివందనం. బావమరిదీ, నా అయిదు వందలు, నీ అయిదు వందలు, మొత్తం వెయ్యి.

షెడ్డుమనిషి, కడప
గేర్ బాక్సు పక్కన కేబుల్ వచ్చి కలిసే చోట ఒక చిన్న పళ్ల చక్రం ఉంటుంది, వేలంత. దాన్ని మార్చుకుంటే మీటరు దారికి వస్తుంది. ప్రతి ఆరు పళ్లకు ఏడు కావాలి. ఇప్పుడు 18 ఉంటే 21 వెతకాలి. విప్పి లెక్కపెట్టి చెప్పండి, నా డబ్బాలో నాలుగైదు రకాలు ఉన్నాయి.

గుత్తికోట, అనంతపురం
రేపు ఉదయం విప్పుతాను. వెయ్యి పంపించాను బావగారూ, చూసుకోండి. పాత 43కు 11 జతకు నూనె పూసి గోనెసంచిలో కట్టి పెట్టాను. ఎవరికైనా 4.3 జత కనిపిస్తే మాత్రం ముందు నాకు చెప్పండి.